మూడేళ్ళుగా ఒక్క గేమూ పూర్తి కాలేదు: చిన్న రైలా, పులి-మేకా?

మహేంద్రతనయ
పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. పగలు మామయ్య ఎరువుల కొట్లో లెక్కలు చూస్తాను. రాత్రి షట్టర్ దించి, భోజనం చేసి, పదింటికి ల్యాప్‌టాప్ తెరుస్తాను. మూడేళ్ళలో పదకొండు గేమ్‌లు మొదలుపెట్టాను. ఒక్కటీ పూర్తి కాలేదు. నిజంగా బాధగా ఉంది, అందుకే అడుగుతున్నాను.

ఇప్పుడు చేతిలో రెండు మిగిలాయి. ఒకటి మన నౌపడా–గుణుపురం చిన్న రైలు. పాత నేరోగేజ్ బండి నడుపుతూ ప్రతి స్టేషన్లో సరుకు ఎక్కించాలి, దించాలి. మధ్యలో ప్రయాణికులు తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుకుంటూ ఉంటారు. రెండోది పులి-మేక. చిన్నప్పుడు నానమ్మ అరుగు మీద బొగ్గుతో గీసి నేర్పింది.

రెండూ ఒకేచోట ఆగిపోయాయి. డైలాగ్ పెట్టెలో "పర్లాకిమిడి" అని రాస్తే తెర మీద "పర్‌లాకిమిడి" అని పడుతోంది. "స్త్రీ" రాస్తే "స్‌త్‌రీ". నానమ్మకి చూపిస్తే కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "ఒత్తులు ఎలకలు కొట్టేశాయేట్రా" అంది. ఆ రాత్రి మూసిన ఫైలు రెండు నెలలు తెరవలేదు.

ఆ రెండు నెలలూ ఊరికే లేను. పనుల జాబితా రాసుకునే యాప్‌లు మార్చాను. నాలుగో యాప్‌లో రంగులు, ట్యాగులు, బోర్డులు అమర్చడానికి ఆరు రాత్రులు పట్టింది. గేమ్‌లో ఒక్క లైనూ పెరగలేదు.

ఏది ఉంచుకోవాలి, ఏది పక్కన పెట్టాలి? మీరంతా పని ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?

పొట్టిబంటు
పులి-మేక. చిన్నది. నెలలో అయిపోతుంది.

గుణుపురం_గూడ్స్
పొట్టిబంటూ, రైలుని అంత తేలిగ్గా ఆపేయకండి. మా తాతగారు ఆ బండిలోనే పర్లాకిమిడి వెళ్ళొచ్చేవారు. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో బండి నడిచింది, 1931కి మా గుణుపురం చేరింది. రెండున్నర అడుగుల గేజ్. 2004లో ఆగిపోయింది, 2011కి బ్రాడ్‌గేజ్ మీద మళ్ళీ మా ఊరికి రైలొచ్చింది. ఇప్పటి పిల్లలకి ఆ పొట్టి పెట్టెలు ఎలా ఉండేవో తెలీదు. టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి చేరేసరికి రాష్ట్రం మారిపోతుంది, కిటికీ పక్క మాట మాత్రం మారదు. ఇది గేమ్‌గా రావాలి తమ్ముడూ.

మహేంద్రతనయ
గూడ్స్ అన్నా, ఆ కిటికీ పక్క మాటే నాకు కావలసింది. కానీ నౌపడా స్టేషన్ ఒక్కటి గీయడానికే నాలుగు నెలలు పట్టింది. నీళ్ళ ట్యాంకు ఆరుసార్లు మార్చాను.

కొరాపుట్_కీబోర్డు
ట్యాంకు ఆరుసార్లా! స్క్రీన్‌షాట్ పెట్టు, ఏడోసారి ఎలా గీయాలో మేం చెబుతాం.

బరంపురం_బైట్
ముందు ఒత్తుల సంగతి తేలుద్దాం. అది నీ కోడ్‌లో తప్పు కాదు.

మనకి "పర్లాకిమిడి" ఐదు అక్షరాలు. కంప్యూటర్‌కి పదకొండు కోడ్‌లు: ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, ఇలా వరసగా. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ వరస చూసి, ఇక్కడ తవత్తు బొమ్మ కావాలి, ఇక్కడ క్రావడి రావాలి, అది ఫలానా చోట కూర్చోవాలి అని ఫాంట్ లోపలి పట్టికలని బట్టి లెక్క కట్టే మెట్టు ఒకటుంటుంది. దాన్ని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్‌లో, చాలా బ్రౌజర్లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని కట్టిన పాత గేమ్ ఇంజిన్లు, అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, ఆ మెట్టు లేకుండా ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ తెచ్చి పక్కపక్కన అతికించేస్తాయి. మీ నానమ్మగారు చూసింది అదే.

నీ ఇంజిన్ పాతదైతే మారు. గోడో అనే ఇంజిన్ ఉంది. దాని 4.0 వెర్షన్ 2023 మార్చిలో వచ్చింది, హార్ఫ్‌బజ్ అందులోనే ఉంది. ఎంఐటీ లైసెన్సు, పైసా కట్టక్కర్లేదు. తెలుగు ఫాంట్ తగిలిస్తే ఒత్తులు వాటంతటవే కుదురుతాయి.

ఇంకో గొయ్యి కూడా ఉంది. డైలాగ్ టైపు కొడుతున్నట్టు ఒక్కొక్కటిగా వచ్చేలా పెట్టావా? పెడితే కోడ్‌ల లెక్కన చూపించకు. "స్త్రీ" ముందు స, తర్వాత స్, స్త, స్త్, స్త్ర అని ఐదు వేషాలు వేశాక గానీ స్త్రీ అవదు. కళ్ళు బైర్లు కమ్ముతాయి. గోడో 4లో తెర మీద మాటలు చూపించే రిచ్‌టెక్స్ట్‌లేబుల్ అనే భాగానికి "విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్" అని ఒక సెట్టింగ్ ఉంటుంది. లెక్క షేపింగ్ అయ్యాక మొదలయ్యేట్టు దాన్ని మార్చు. ముందు పదమంతా కట్టి, తర్వాత విప్పుతుంది.

మహేంద్రతనయ
బైట్ అన్నా, నాది పాత ఇంజినే. టైపు కొట్టే ఏర్పాటూ ఉంది. రెండు నెలలుగా నా కోడ్‌లో తప్పుందని అనుకుంటూ తిరిగాను. ఈ రాత్రే మారుస్తాను.

పొట్టిబంటు
గోడోనా, గోడాటా?

బరంపురం_బైట్
నేను గోడో అంటాను, పక్క సీటాయన గోడాట్ అంటాడు. ఇద్దరికీ ఒకటే ఎర్రర్లు వస్తాయి.

ధర్మాబాద్_దత్తు
మాది నాందేడ్ జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు చదవడం అమ్మ దగ్గర నేర్చుకున్నా. బైట్ అన్న చెప్పింది చదివితే 2018 ఫిబ్రవరి యాదికొచ్చింది. జ్ఞా అక్షరంలో కంటికి కనిపించని కోడ్ ఒకటి ఇరికించిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. కొన్ని రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. మన అక్షరం కట్టడం ఎంత పెద్ద పనో నాకు అప్పుడే తెలిసింది. ప్రపంచమంతా ఆ అక్షరం గురించి మాట్లాడుతుంటే అమ్మ దగ్గర కూర్చుని జ్ఞ రాయడం మళ్ళీ నేర్చుకున్నా.

అన్నా, నా సలహా వేరు. ఇంజిన్ మార్చకు. డైలాగ్‌లన్నీ వేరేచోట టైపు చేసి బొమ్మలుగా సేవ్ చేసుకో, గేమ్‌లో ఆ బొమ్మలే చూపించు. ఒత్తుల గొడవే ఉండదు.

కొరాపుట్_కీబోర్డు
దత్తు చెప్పింది నేను చేశాను, పనిచేస్తుంది. జయపురంలో మా మేడ మీద గదిలో రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డుతో చేతిలో పట్టే గేమ్ పెట్టె ఒకటి కట్టాను. దాని మెమరీ 264 కేబీ. తెర 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. నలుపు-తెలుపు కాబట్టి తెరంతా సరిగ్గా 1024 బైట్లలో పడుతుంది. అందులో షేపింగ్ పెట్టే ఓపిక నాకు లేదు. పదాలన్నీ ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చేసి ఎక్కించాను.

కష్టమంతా సైజులో ఉంది. ఇంగ్లీషు అక్షరం 8 చుక్కల ఎత్తులో దర్జాగా కూర్చుంటుంది. తెలుగుకి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. 16 చుక్కలు ఇచ్చినా "ష్ట్ర"లో కింది ఒత్తు ముద్దయిపోయింది. చివరికి 20 చుక్కలు ఇచ్చి, తెరకి మూడే వరసలని ఒప్పుకున్నాను. గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో ఒక్కో ఒత్తు గీశాను. ళవత్తు కుదిరేసరికి తెల్లారింది. ఇంత తృప్తినిచ్చిన పని ఈమధ్య చేయలేదు.

బరంపురం_బైట్
కీబోర్డు పెట్టెకి బొమ్మలే సరి. ల్యాప్‌టాప్ గేమ్‌కి వద్దు దత్తూ. ఒక మాటలో దీర్ఘం తప్పిందని తెలిస్తే మళ్ళీ బొమ్మ చేయాలి, ఒడియా పెట్టాలంటే మళ్ళీ అన్నీ చేయాలి. ఒడియాలోనూ ఇవే తిప్పలు, షేపింగ్ ఉంటే రెండు భాషలూ ఒక్కసారే బాగుపడతాయి.

ధర్మాబాద్_దత్తు
రెండు భాషలంటే ఒప్పుకుంటున్నా అన్నా. నాకైతే మూడు.

రాయగడ_రమ
మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఒడియా గడగడా చదువుతాడు, ఇంగ్లీషు పర్వాలేదు. తెలుగు మాట్లాడతాడు గానీ ఒత్తు కనిపిస్తే ఆగిపోతాడు. వాడికోసమే స్క్రాచ్‌లో, అదే పిల్లలు దిమ్మలు పేర్చి ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో, అష్టా చెమ్మా చేశాను. నా అనుభవం చెబుతాను.

మొదట గవ్వలకి బదులు 1 నుంచి 8 దాకా ఏదో ఒక అంకె వచ్చేలా పెట్టాను. రెండాటలకే వాడు "అమ్మా, ఇది తొండి" అన్నాడు. నిజమే. నాలుగు గవ్వలు వేస్తే 5, 6, 7 రానే రావు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే పదహారిట్లో ఆరుసార్లు రెండు పడాలి, అష్టా ఒక్కసారే. నా అంకెల పద్ధతిలో అష్టా ఎనిమిదిట్లో ఒకసారి వచ్చేస్తోంది. అష్టా పడితే ఎగిరి గంతేసే సరదా అంతా అలా పోయింది. నాలుగు గవ్వల్ని విడివిడిగా వేసి లెక్కపెట్టేలా మార్చాను. తర్వాత అసలు గవ్వలు తీసి, వాడూ నేనూ నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటూ వేసి చూశాం. మా గవ్వలు బోర్లా పడటానికే ఎక్కువ ఇష్టపడుతున్నాయి. గేమ్‌లోనూ అలాగే పెట్టమన్నాడు, పెట్టాను.

పని నాలుగు ఆదివారాల్లో అయింది. రంగులు బాగోలేవు, శబ్దాలు లేవు. అయినా మా వీధి పిల్లలు ఆడుతున్నారు. తమ్ముడూ, పులి-మేకతోనే మొదలుపెట్టు. నానమ్మగారు చూసేలా పూర్తి చెయ్యి. ఇంకొక్కటి, తెర మీద రాసే ప్రతి మాటా పెద్దావిడ గొంతుతో రికార్డు చేసి కూడా పెట్టు. చదవడం రాని పిల్లలు విని ఆడతారు, వింటూ వింటూ ఒత్తులు గుర్తుపడతారు.

మహేంద్రతనయ
అక్కా, నానమ్మ గొంతు! నాకు తట్టనే లేదు. "మేక చచ్చింది" అని ఆవిడ అనే తీరు ఈ వీధిలో అందరికీ తెలుసు.

గుణుపురం_గూడ్స్
సరే, ఈ ఒక్కసారికి రైలు సిగ్నల్ దగ్గర ఆగుతుంది. రద్దు మాత్రం కాలేదు.

పులిజూదం_తాత
బాబూ, ఆట రాసేముందు నియమాలు తేల్చుకో. బోర్డులో 23 చుక్కలు. పులులు మూడు, మేకలు పదిహేను. మేకలు ఒక్కొక్కటిగా పెడుతూ పోవాలి, పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి పక్క చుక్కకి జరగొచ్చు, లేదా మేక మీంచి తిన్నగా అవతలి ఖాళీ చుక్కకి దూకి దాన్ని తినొచ్చు. మూడు పులులూ కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు. ఇంతవరకు మా తరంలో తేడా లేదు. తేడా రెండుచోట్ల. మా ఇంట్లో ఒక పులి కొండకొన మీద, రెండు దాని కిందా మొదలవుతాయి. మా అత్తవారింట్లో పులుల్ని కూడా ఒక్కొక్కటిగా నచ్చినచోట పెడతారు. ఎన్ని మేకలు పోతే ఆట ముగిసినట్టో ఊరికో లెక్క. పెళ్ళయిన కొత్తలో దీనిమీదే మా బావమరిదితో పెద్ద వాదన అయింది.

పొట్టిబంటు
తాతగారూ, ఎవరు గెలిచారు?

పులిజూదం_తాత
మా అత్తగారు.

మహేంద్రతనయ
తాతగారూ, నానమ్మది మీ ఇంటి పద్ధతే. మేకలెన్ని పోతే ఓటమని అడిగితే "కట్టడానికి చాలినన్ని లేకపోతే నీకే తెలుస్తుంది" అంటోంది. దాన్ని కోడ్‌లో ఎలా రాయాలో తెలీడం లేదు.

బరంపురం_బైట్
దానికో అంకె పెట్టి, ఆడేవాళ్ళు మార్చుకునేలా వదిలెయ్. అంతకంటే ముందు బోర్డుని ఎలా దాచావో చెప్పు.

మహేంద్రతనయ
ప్రతి చుక్కకీ పక్క చుక్కల జాబితా చేత్తో రాశాను. దూకడానికి, పక్క చుక్కలో మేక ఉండి, దాని పక్క చుక్క ఖాళీగా ఉంటే దూకొచ్చని పెట్టాను. కానీ నిన్న నానమ్మ పట్టుకుంది. "పులి కొండెక్కి, కొనమీద మలుపు తిరిగి, అటు దిగి దూకుతుందేట్రా" అంది. చూస్తే నిజమే. ఒక గీత మీద ఉన్న పులి కొనమీద ఉన్న మేకని దాటి ఇంకో గీత మీదకి దిగిపోతోంది.

బరంపురం_బైట్
పక్క చుక్కల జాబితాలో తిన్నదనం ఉండదు, అందుకే. చుక్కలు కాదు, గీతలు రాయి. పైన కొన ఒకటి, కింద అడ్డంగా ఆరేసి చుక్కల వరసలు మూడు, అడుగున నాలుగు: 1, 18, 4 కలిపి 23. ఇక గీతలు: ఆరేసి చుక్కల అడ్డగీతలు మూడు, అడుగు గీత ఒకటి, కొన నుంచి దిగే ఐదేసి చుక్కల గీతలు నాలుగు, అటూ ఇటూ అంచుల్లో మూడేసి చుక్కల నిలువు గీతలు రెండు. మొత్తం పది గీతలు, పది లైన్లు. ఒకే గీత మీద వరసగా ఉన్న మూడు చుక్కలే దూకడానికి చెల్లుతాయి. లెక్కేస్తే అలాంటి మూడేసి చుక్కలు 28 వస్తాయి, రెండు దిక్కులా 56 దూకుళ్ళు. జాబితా అంతా కోడే తయారుచేసుకుంటుంది, చేత్తో ఒక్కటీ రాయక్కర్లేదు. 56 రాకపోతే ఏదో గీత తప్పు రాశావని అర్థం.

మహేంద్రతనయ
54 వచ్చింది.

మహేంద్రతనయ
అంచు గీత ఒకటి మర్చిపోయాను. ఇప్పుడు 56. కొనమీద మలుపు పోయింది!

ధర్మాబాద్_దత్తు
శభాష్ అన్నా.

మల్కనగిరి_మౌస్
నానమ్మగారిని టెస్టర్‌గా పెట్టుకున్నావు, నీకిక బగ్‌లు దాక్కోలేవు.

బరంపురం_బైట్
ఇంకో ముచ్చట, పనికొస్తే వాడుకో. 23 చుక్కల్లో మూడు పులుల్ని 1,771 రకాలుగా పెట్టొచ్చు. మిగతా 20 చుక్కల్లో 15 మేకలు 15,504 రకాలు. రెండూ గుణిస్తే 2,74,57,584. మేకలు తగ్గుతూ పోయే స్థితులన్నీ, ఒక్క మేకా మిగలనిదాకా, కలిపితే దాదాపు 184 కోట్ల 60 లక్షలు. వంతు పులిదా మేకదా అని రెండింతలు చేసి, ఒక్కో స్థితికి గెలుపు, ఓటమి, తేలనిది అని రెండు బిట్లు ఇస్తే ఒక జీబీ లోపే. బోర్డు ఎడమా కుడీ ఒకేలా ఉంటుంది కాబట్టి సుమారు సగం చాలు. అంటే మేకలన్నీ పెట్టేశాక జరిగే ఆటని చివరి నుంచి వెనక్కి లెక్కేస్తూ మామూలు ల్యాప్‌టాప్‌లో పూర్తిగా తేల్చేయొచ్చు. ఎన్నడూ తప్పు చేయని పులిని తయారుచేయొచ్చు.

రాయగడ_రమ
వద్దు బైట్ గారూ. తప్పు చేయని పులితో పిల్లలు రెండోసారి ఆడరు, పెద్దవాళ్ళూ ఆడరు.

బరంపురం_బైట్
రమగారూ, ఒక ఆటని పూర్తిగా తేల్చడంలో ఉన్న ఆనందం వేరు. నేను ఎప్పటికైనా చేస్తాను.

రాయగడ_రమ
మీరు చేయండి, తప్పకుండా చూస్తాను. తమ్ముడి గేమ్‌లో మాత్రం పులి రెండు మూడు ఎత్తులు ముందుకి చూస్తే చాలు, అప్పుడప్పుడు మేకకి సందు దొరకాలి.

పులిజూదం_తాత
అమ్మాయి చెప్పింది సరైన మాట. నేర్పేవాళ్ళు మొదట్లో ఒక మేకని కావాలని వదిలేస్తారు.

మల్కనగిరి_మౌస్
రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతాను. మా దగ్గర వానాకాలంలో కరెంటూ నెట్టూ రెండూ నమ్మకం లేదు. నెట్ ఉంటేనే తెరుచుకునే యాప్‌లో పనుల జాబితా పెట్టుకుని ఒకసారి మూడు రోజులు ఏం చేయాలో తెలీక కూర్చున్నాను. అప్పటినుంచి గేమ్ ఫోల్డర్‌లోనే "చేయాల్సినవి" అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టుకున్నాను. పై లైను, రేపు మొదట చేసేది. అంతే.

దాంతోపాటు గిట్. ఫైళ్ళలో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే పనిముట్టు, లినక్స్ మొదలుపెట్టిన టోర్వాల్డ్స్ దానికోసమే 2005లో రాశాడు. చాలామంది అది నెట్ ఉంటేనే పనిచేస్తుందనుకుంటారు. అక్కర్లేదు, చరిత్ర మొత్తం మన ఫోల్డర్‌లోనే ఉంటుంది. పది నిమిషాల పని అయినా కమిట్ చేస్తాను, అంటే ఆ మార్పుని గిట్‌లో ఒక మాటతో నమోదు చేస్తాను, కమిట్ మాట తెలుగులో రాస్తాను: "పులి ఇక మేక లేని చోట దూకదు". ఆరు నెలల తర్వాత చదివితే ఆ రాత్రి మొత్తం గుర్తొస్తుంది. వారానికోసారి పెన్‌డ్రైవ్‌కి కాపీ.

కొరాపుట్_కీబోర్డు
ఫైలు కంటే కాగితం మేలు. కరెంటు పోయినా కనిపిస్తుంది.

మల్కనగిరి_మౌస్
కరెంటు పోతే కాగితం కూడా కనిపించదు బావా, కొవ్వొత్తి కావాలి.

రాయగడ_రమ
నేను పొమొడోరో పద్ధతి పాటిస్తాను. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన చదువుకునే రోజుల్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టింది. ఇరవై ఐదు నిమిషాలు ఒకటే పని, ఐదు నిమిషాలు విరామం. పిల్లాడు పడుకున్నాక నాకు దొరికేది రెండు టమాటాలే. వాటిలోనే అష్టా చెమ్మా అయింది.

బరంపురం_బైట్
బగ్ వెతికేటప్పుడు ఇరవై ఐదు నిమిషాలు చాలవు. అసలు సంగతి బుర్రకెక్కడానికే ఇరవై పడుతుంది, గంట మోగితే అంతా జారిపోతుంది. నేను టైమర్ వాడను, తలుపు మూస్తాను.

రాయగడ_రమ
మా ఇంట్లో తలుపు మూస్తే ఐదుగురు తడతారు.

మహేంద్రతనయ
మౌస్ అన్న చెప్పిన "రేపు మొదట చేసేది" లైను నాకు బాగా నచ్చింది. యాప్‌లన్నీ తీసేశాను. కొట్లో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఒకటి ఖాళీగా ఉంది, దాంట్లో రాత్రికో లైను రాస్తున్నాను. నిన్నటిది: "మేక పెట్టేటప్పుడు టప్ అని శబ్దం."

ఫాంట్ ఏది వాడమంటారు?

పులిజూదం_తాత
పర్లాకిమిడి వాడివై ఉండి అడుగుతున్నావా బాబూ. గిడుగు పేరుతోనే ఫాంట్ ఉందని మా మనవరాలు చూపించింది. రామమూర్తి పంతులుగారు మీ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు, సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు, మనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. 1936లో ఒడిశా ఏర్పడి ఊరు అటు చేరినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. మీ నానమ్మ మాటలు ఆయన పేరున్న అక్షరాల్లో పడితే నాకు చాలా సంతోషం.

బరంపురం_బైట్
తాతగారూ, పేరు పెట్టడానికి బ్రహ్మాండం. కానీ డైలాగ్‌లో చిన్న సైజుకి దించితే కళ్ళకి కష్టం. గేమ్ పేరు గిడుగులో, మాటలు మండలి ఫాంట్‌లోనో నోటో సాన్స్ తెలుగులోనో పెట్టు తమ్ముడూ. మూడూ ఉచితమే, గేమ్‌తో కలిపి పంచుకోవచ్చు. లైసెన్సు ఫైలు మాత్రం పక్కన పెట్టు.

మహేంద్రతనయ
తాతగారూ, పంతులుగారి పేరు మా ఊళ్ళో వింటూనే పెరిగాను. ఆయన పేరున్న ఫాంట్ సంగతి ఇప్పుడే తెలిసింది. పేరు గిడుగులోనే పెడతాను.

పొట్టిబంటు
మూడు వారాలైంది. ఏమైంది?

గుణుపురం_గూడ్స్
పన్నెండోది మొదలుపెట్టావా తమ్ముడూ?

మహేంద్రతనయ
లేదన్నా. పులి-మేక పూర్తయింది. పూర్తయిందని రాయడానికే చేతులు వణుకుతున్నాయి.

రెండే తెరలు, మొదటిది పేరు, రెండోది బోర్డు. బోర్డు రంగు మా అరుగు ఫోటో నుంచి తీసుకున్నాను, గీతలు బొగ్గు గీతల్లా కాస్త వంకరగా గీశాను. పులి రెండెత్తులు ముందుకి చూస్తుంది. నానమ్మ మాటలు పద్నాలుగు రికార్డు చేశాం. మొదటిరోజు మైకు చూసి బడి పద్యంలా అప్పజెప్పింది. రెండోరోజు మైకు తువ్వాలు కింద దాచి, నేను కావాలని మేకలు తప్పు పెట్టాను. అప్పుడొచ్చాయి అసలు మాటలు.

నిన్న సాయంత్రం ఆడింది. తెర మీద "పర్లాకిమిడి" చదివి, ఆ లవత్తు మీద వేలు పెట్టి, "ఇప్పుడుందిరా" అంది. మొదటి ఆట మేకలతో ఓడింది. రెండోది గెలిచింది. మూడోది ఆడుతుంటే కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ వెలుగులోనే పూర్తి చేసింది.

ఫోన్‌లో ఆడే ఫైలు కింద పెట్టాను. ఆడి, తప్పులు చెప్పండి.

రాయగడ_రమ
మా వాడు ఇప్పటికి ఏడాటలు ఆడాడు. "మేక చచ్చిందిరా నాయనా" అన్నప్పుడల్లా ఇల్లంతా నవ్వులు. ఆ లైను కింద రాసింది చూసి "చ్చి" తనే చదివాడు తమ్ముడూ, నేను చెప్పలేదు.

ధర్మాబాద్_దత్తు
మా అమ్మ కూడా ఆడింది. మా దిక్కు పులుల్ని నచ్చినచోట పెడతారు, ఆ పద్ధతి కూడా పెడతావా అన్నా?

పులిజూదం_తాత
నా బావమరిదికి పంపాను. అదే అడిగాడు.

కొరాపుట్_కీబోర్డు
నా పెట్టెలోకి ఎక్కిస్తాను, కోడ్ పంపు. 23 చుక్కలు 64 ఎత్తులో పడతాయి, లెక్క చూశాను.

గుణుపురం_గూడ్స్
నా ఫోన్‌లో పదిహేనో మేక పెట్టాక ఏ మేకా కదలడం లేదు. పులి మాత్రం హాయిగా తిరుగుతోంది. మేకల్ని మళ్ళీ మళ్ళీ నొక్కినా అంతే.

మహేంద్రతనయ
పదిహేను పెట్టేలోపు మేకలేమైనా పోయాయా అన్నా?

గుణుపురం_గూడ్స్
రెండు పోయాయి.

మహేంద్రతనయ
దొరికింది. పెట్టిన మేకల్ని కాకుండా బోర్డు మీద మిగిలినవాటిని లెక్కపెడుతున్నాను. అందుకే పదమూడే ఉన్నాయనుకుని, ఇంకా పెట్టాల్సినవి ఉన్నాయని ఆగిపోతోంది. డైరీలో రాసుకున్నాను, రేపు మొదట చేసేది అదే. దాని తర్వాత నౌపడా నీళ్ళ ట్యాంకు.